ఇంటర్వెల్ కబుర్లు: పక్కూరే కదా!

మనవాళ్ళ సంగతి చూడండి. అభిమాన హీరో సినిమా విడుదలవుతోందంటే వారం ముందునుంచే హడావుడి మొదలు. ఏ హాలు, ఏ ఆట, టిక్కెట్లు ఎవరు తెస్తారు, ఎవరి బండిమీద ఎవరెక్కాలి, ఆట అయ్యాక టిఫిన్ ఎక్కడ... అన్నీ ముందే తేల్చేసుకుంటారు. ఒక్క నిమిషం తేడా రానివ్వరు. అదే కుర్రాణ్ణి పిలిచి, "నాయనా, ఇంటిల్లిపాదినీ ఒక రెండ్రోజులు ఎక్కడికైనా తిప్పుకురారా" అనండి. "చూద్దాంలే" అంటాడు. ఆ "చూద్దాంలే"కి రిలీజు డేటు ఉండదు!

నవ్వకండి. నేనూ ఆ బాపతువాణ్ణే. నన్ను దార్లో పెట్టింది మా మేనకోడలు.

మా అక్క కూతురు ఫిన్లాండులోని హెల్సింకిలో చదువుకుంటోంది. పోయిన వేసవిలో అక్కా బావా చూడ్డానికి వెళ్తే, వాళ్ళని ఓడెక్కించి టాలిన్ తీసుకెళ్ళింది. టాలిన్ అంటే ఎస్తోనియా రాజధాని. బాల్టిక్ సముద్రం ఒడ్డున కోటగోడలూ బురుజులూ చెక్కుచెదరని పాతకాలపు ఊరు. ఆ పాత పట్నాన్ని 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. హెల్సింకి నుంచి ఓడలో రెండు గంటల ప్రయాణం. అక్కడ గడిపే రెండ్రోజులకీ ఆ పిల్ల నోటుబుక్కులో గంటగంటకీ ప్లాను రాసింది. నాన్నకి బురుజులు, అమ్మకి బజారు, రాళ్ళు పరిచిన వీధుల్లో అమ్మ ఎక్కువసేపు నడవలేదు గనక ప్రతి గంటకీ కాసేపు కూర్చునే చోటు!

ఆ పేజీని ఫొటో తీసి నాకు పంపి, కింద ఒక్క ప్రశ్న రాసింది. "మామయ్యా, సంక్రాంతికి వస్తున్నాను. మన అమరావతికి ఇలాంటి ప్లాను నువ్వు రాస్తావా? నేనింతవరకూ చూళ్ళేదు."

నాకు చప్పున జవాబు తోచలేదు. ఎంచేతంటే గుంటూర్లో పుట్టి పెరిగిన నేనే అమరావతిని సరిగ్గా చూళ్ళేదు. ఎంత దూరమని? ఇంచుమించు 35 కిలోమీటర్లు!

మా నాన్న పత్తి కమీషన్ కొట్లో గుమాస్తా. సీజన్లో లెక్కలతో తీరికుండేది కాదు. సీజను అయ్యాక ఎండలు. మేం అడిగినప్పుడల్లా "పక్కూరేగా, ఎక్కడికి పోతుంది, వెళ్దాంలే" అనేవారు. ఊరు ఎక్కడికీ పోలేదు. ఆయనే పోయారు.

అమ్మ మాత్రం కార్తీక సోమవారాలకి ఇరుగుపొరుగు వాళ్ళతో మూడుసార్లు వెళ్ళొచ్చింది. అమరేశ్వరుణ్ణి చూసింది, కృష్ణలో దీపం వదిలింది, బస్సెక్కింది. ఆ గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో రెండువేల ఏళ్ళనాటి స్తూపం ఉందని ఆవిడకెవరూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు. మన ఇళ్ళల్లో అమ్మలు అడగరు కదూ!

పోయినేడాది ఒకసారి, ప్లానూ గీనూ లేకుండా, అమ్మని వెంటబెట్టుకు వెళ్ళాను. పొద్దున్నే అనుకున్న ప్రయాణం పదకొండింటికి మొదలైంది. చేరేసరికి మధ్యాహ్నం, గుడి తలుపులు మూశారు. సరే, మ్యూజియం చూద్దామని వెళ్తే అదీ మూసి ఉంది. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం మ్యూజియానికి సెలవని నాకు తెలిస్తేగా! అమ్మ ఆ పక్కనే అరుగుమీద కూర్చుని, మోకాళ్ళు నొక్కుకుంటూ "పోనీలేరా, మీ నాన్నయితే ఇంతదాకా కూడా తీసుకురాలేదు" అంది. నవ్వుతూనే అందనుకోండి. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అంచేత ఈసారి నేనూ నోటుబుక్కు తీశాను. మీకూ పనికొస్తుందని ఆ ప్లాను ఇక్కడ పెడుతున్నాను.

మొట్టమొదట తేల్చుకోవలసింది: ఏ అమరావతి? 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన చేసిన రాజధాని అమరావతి వేరు, గుడీ స్తూపమూ ఉన్న పాత అమరావతి వేరు. సచివాలయం ఉన్న వెలగపూడి నుంచి పాత ఊరికి సుమారు 20 కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాత ఊరు పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది, రాజధాని గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. పైఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు వట్టి "అమరావతి" అని ఊరుకోకుండా "అమరేశ్వరస్వామి గుడి" అని చెప్పండి. లేకపోతే బుద్ధుణ్ణి చూద్దామని వచ్చి సచివాలయం ముందు దిగుతారు!

రెండోది: ఎప్పుడు? ఎండాకాలం వద్దు. మన గుంటూరు ఎండల సంగతి వేరే చెప్పాలా! నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. కార్తీక సోమవారాలూ శివరాత్రీ భక్తులకి మంచివే గానీ, పసిపిల్లలతో ముసలివాళ్ళతో ఆ రద్దీలో అవస్థ. శుక్రవారం సంగతి ఇందాకే చెప్పాను, మళ్ళీ మళ్ళీ చెప్తున్నాను, శుక్రవారం వద్దు!

మూడోది: ఎవరికేం కావాలో ఇంట్లో అందర్నీ అడగండి. నేను అడిగాను. అమ్మకి గుడి, అక్కకి మంగళగిరి చీరలు, బావకి నదిగాలి, అక్క కొడుక్కి ఎక్కడానికి ఏదో ఒకటి, మేనకోడలికి స్తూపం. అందరూ తలొకటి కోరుకున్నారు, కాబట్టే ఎవరూ విసుక్కోలేదు.

ఇహ మొదటి రోజు. గుంటూర్లో పొద్దున ఏడింటికల్లా బయల్దేరాలి. బస్సులున్నాయి. 2025 ఆగస్టులో మొదలైన పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోమనండి. లాం, తాడికొండ మీదుగా దారి. సంక్రాంతి రోజుల్లో ఒకపక్క పత్తిచేలు తెల్లగా, ఇంకోపక్క మిరపతోటలు ఎర్రగా... కలర్ సినిమాకి ఇంతకన్న ఏం కావాలి?

ముందు గుడికే వెళ్ళండి, మధ్యాహ్నం మూసేస్తారు గనక. పంచారామాల్లో ఇది అమరారామం. తెల్లని శివలింగం చాలా పొడవు. అభిషేకం చెయ్యాలంటే అర్చకులు మెట్లెక్కి పై అంతస్తు నుంచి చెయ్యాలి. లింగం పెరిగిపోతోంటే ఆపడానికి నెత్తిన మేకు కొట్టారని స్థలపురాణం. పిల్లలకి ఈ కథ చెప్పి తీసుకెళ్ళండి, కళ్ళార్పకుండా చూస్తారు. గుడి వెనక కృష్ణ. స్నానం చేసేవాళ్ళు ఘాట్ మెట్లు దాటి లోపలికి దిగకండి. నది నిమ్మళంగా కనిపిస్తుందని పిల్లల్ని వదిలెయ్యకండి.

భోజనాలయ్యాక మ్యూజియం, దాని పక్కనే స్తూపం. ఇక్కడ ఒక్కమాట. 2017 సంక్రాంతికి వచ్చిన "గౌతమీపుత్ర శాతకర్ణి" చూశారుగా? బాలకృష్ణకి నూరో సినిమా, క్రిష్ దర్శకత్వం. చిత్రీకరణకి మొరాకో, జార్జియా దాకా వెళ్ళొచ్చారు. ఆ శాతకర్ణి కొడుకు పులుమావి పేరున్న శాసనం దొరికింది మాత్రం మన అమరావతి స్తూపం దగ్గరే. క్రీస్తుపూర్వమే మొదలైన ఈ కట్టడం శాతవాహనుల కాలంలో పెద్దదైంది. సుమారు 50 మీటర్ల వ్యాసం, చుట్టూ పల్నాటి సున్నపురాతి పలకలు, వాటినిండా శిల్పాలు.

మరి అవన్నీ ఏవీ? అదే అసలు కథ. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి మకాం మార్చి ఇక్కడ ఊరు కట్టించాడు. ఇటుకలకోసం కూలీలు దిబ్బ తవ్వితే శిల్పాలు బయటపడ్డాయి. సంగతి తెలిసి 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వేసి ఉంది! మిగిలినవాటికి ఆయన బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు వెళ్ళి, ఎన్నో ఏళ్ళు అక్కడ పడి ఉండి, 1859లో లండన్‌కి ఓడెక్కాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. మనకి మిగిలింది తక్కువ. ఆ తక్కువలోనే నంది ఉంది, స్తూపం ఎలా ఉండేదో చూపించే నమూనా ఉంది. మ్యూజియం ముందు చూసి, తర్వాత స్తూపం దగ్గరికి వెళ్ళండి. వరస తప్పారో, అక్కడ ఉన్నది గడ్డి దిబ్బా, నాలుగు రాళ్ళూ అనిపిస్తుంది.

సినిమా పిచ్చివాళ్ళకోసం ఇంకొకటి. ఎగ్మూరులో ఉన్న అమరావతి పలకల్లో ఒక గుండ్రటి శిల్పం ఉంది. నలగిరి అనే మదపుటేనుగు కథ. ఒకపక్క ఏనుగు జనాన్ని తొక్కేస్తూ వస్తుంటుంది. అదే చట్రంలో ఇంకోపక్క అదే ఏనుగు బుద్ధుడి కాళ్ళముందు మోకరిల్లి ఉంటుంది. మేడ కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. భయం, పరుగు, శాంతి... రెండు షాట్లు ఒకే ఫ్రేములో! కెమెరా పుట్టడానికి పదిహేడు వందల ఏళ్ళ ముందు మనవాళ్ళు ఎడిటింగ్ చేశారు సుమా! చెన్నై వెళ్తే ఒక పూట దానికి కేటాయించండి.

సాయంత్రం 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం దగ్గరికి. మా అక్క కొడుక్కి ఎక్కడానికి మెట్లు దొరికింది అక్కడే. బావకి నదిగాలి కూడా. బస్సులో చదువుకోడానికి సత్యం శంకరమంచి "అమరావతి కథలు" దగ్గరుంచుకోండి. నూరు కథలు. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. శ్యామ్ బెనెగళ్ వాటిని హిందీలో దూరదర్శన్‌కి సీరియల్‌గా తీశారు.

రెండో రోజు పొద్దున్నే మంగళగిరి. కొండమీది పానకాల నరసింహస్వామికి సాయంత్రం దర్శనం ఉండదు, అంచేత ముందు అక్కడికే. కొండ దిగాక ఊళ్ళో పదకొండు అంతస్తుల గాలిగోపురం చూడండి. అది కట్టించింది ఎవరనుకున్నారు? మన వెంకటాద్రి నాయుడే! 1807, 1809 మధ్య. ఒకచోట ఇటుకలు ఊడదీయించిన మనిషే ఇంకోచోట 153 అడుగులు లేపాడు. మగ్గం చీరలు కొనుక్కుని, అక్కడినుంచి ఉండవల్లి గుహలకి. నాలుగంతస్తుల కొండని తొలిచి చేసిన గుహాలయం, పై అంతస్తుల్లో ఒకదాంట్లో పవళించిన అనంతపద్మనాభస్వామి. మెట్లెక్కలేనివాళ్ళు కింద చెట్లనీడన కూర్చోవచ్చు. చీకటి పడకుండా ఇంటికి.

ప్లాను ఇదీ. ఎలా జరిగిందంటారా? గంట అటూ ఇటూగా జరిగింది. ఒక్కచోట మాత్రం మొత్తం ఆగిపోయాం. మొదటి రోజు, స్తూపం దగ్గర.

అమ్మ ఆ దిబ్బ చుట్టూ నెమ్మదిగా ప్రదక్షిణం చేసింది. మేనకోడలు చెయ్యి పట్టుకుని లండన్ కథ, మద్రాసు కథ చెప్తోంది. అంతా విని అమ్మ, "అన్నదమ్ములు సామాను పంచుకుపోయాక మిగిలిన పెద్దిల్లులా ఉందే" అంది. కాసేపాగి అడిగింది: "అక్కడ వాటిని బాగా చూసుకుంటున్నారా?"

మాకెవరికీ మాట రాలేదు. "నేను లండన్ వెళ్ళి చూసొచ్చి చెప్తాను అమ్మమ్మా" అంది పిల్ల.

అమ్మ ఒక రాతిపలకని చేత్తో తడిమి, కళ్ళకద్దుకుని, "మీ నాన్నకి ఇలాంటివి భలే ఇష్టంరా" అంది. నాన్నకి ఇష్టమన్న సంగతి నాకు ఆ రోజుదాకా తెలీదు. ఆయనా ఎప్పుడూ చెప్పలేదు. "వెళ్దాంలే" అని ఆయన అన్నది మమ్మల్ని తప్పించుకోడానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయనకీ వెళ్ళాలనే ఉండేదన్నమాట.

టాలిన్ చూడండి, లండన్ చూడండి, వద్దనను. ముందు మీ ఊరికి గంట దూరంలో ఏముందో చూసుకోండి. గుంటూరువాళ్ళకి అమరావతి, మీకు ఇంకేదో ఉంటుంది. ఇవాళ రాత్రి అన్నాలు తినేటప్పుడు ఇంట్లో అడగండి: "నీకేం చూడాలనుంది?" అని. మొదట "నాకేం వద్దులే" అంటారు. రెండోసారి అడగండి. జవాబు వచ్చాక కాలెండరు తీసి, శుక్రవారం కాకుండా, ఒక రోజుకి సున్నా చుట్టండి. ఆ "చూద్దాంలే"కి రిలీజు డేటు వేసెయ్యండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.