పడవ అడుగు చూడక బయానా ఇయ్యకుడు

మన సంఘమునకు చెందిన కుటుంబములలో ఇటీవలి సంవత్సరములలో ఒక క్రొత్త వ్యాపారము ప్రవేశించినది. ప్రత్తి, నూలు, మోటారు పంపులు, తోట భూములు, అంగడి బేరములు, వీనితో తరతరములుగా బ్రదికిన కోయంబత్తూరు, మధుర తెలుగువారి పిల్లలు కొందరు ఇప్పుడు పాలఘాటు కనుమ దాటియు, కుమిళి కొండదారిని దిగియు ఆలప్పుళ చేరుచున్నారు. అచ్చటి కాలువలలోను వేంబనాడు సరస్సులోను విహారయాత్రికులను త్రిప్పెడి ఇంటిపడవలను కొని బాడుగకు విడుచుచున్నారు. క్రొత్త పడవ కట్టించుటకు సొమ్ము చాలదు గనుక వాడిన పడవలను వెదకుచున్నారు. వారి ఉత్సాహము మెచ్చదగినదే. వద్దని చెప్పుటకు నేను ఈ వ్యాసము వ్రాయుట లేదు. నేను చెప్పదలచినది ఒక్కటే. పడవను నీటినుండి పైకి తీయించి, దాని అడుగును మనము నియమించిన నిపుణునిచే పరీక్ష చేయింపక, ఒక్క రూపాయి యైనను బయానా ఇయ్యరాదు.

అమ్మువాడు మనకు చూపునది ఏమి? క్రొత్తగా పరచిన చాపలు, మెరుగుపెట్టిన కొయ్య కుర్చీలు, చల్లని గాలినిచ్చు యంత్రము, వంటగది, ఒక్క త్రిప్పుతో మ్రోగెడి ఇంజను. ఇవన్నియు నీటికి పైన నున్నవి. పడవను, దానిలోని మనుష్యులను మోయునది నీటికి క్రింద నున్నది. అది మన కంట పడదు. పైన పటారము, లోన లొటారము అని మన పెద్దలు ఊరకనే అనలేదు.

పొల్లాచ్చి సంతలో ఎద్దును కొనువాడు నోరు తెరిపించి పళ్ళు లెక్కించును, నడిపించి చూచును, కాడికి కట్టి లాగించును. అమ్మువాడు దానికి కోపించుకొనడు. స్థలము కొనునప్పుడు ముప్పది ఏండ్ల విల్లంగము తీయించి, మూలపత్రములు వకీలుచే చదివించి గాని మనము చేవ్రాలు చేయము. అన్నదమ్ముల నడుమ జరిగెడి అమ్మకములో సైతము ఇంతే. అట్టి మనము లక్షలు పోసి పడవను కొనునపుడు మాత్రము, "మనవారే గదా, అడుగుట బాగుండదు" అని ఊరకుండుచున్నాము.

ఈ మాట ఇతరులను ఎత్తిపొడుచుటకు అనుట లేదు. మూడేండ్ల క్రిందట నా మేనల్లుడు రెండు గదుల ఇంటిపడవ నొకదానిని ఇరువదియారు లక్షలకు బేరమాడెను. ఆ సొమ్ములో వాని తల్లి నగలు కుదువబెట్టగా వచ్చినది కొంత కలదు. అమ్మువారు మాకు దూరపు చుట్టములు. "మామా, పడవను పైకి తీయించి చూపించెదను. యార్డు కూలి, సర్వేయరు రుసుము కలిపి నలువదివేలగును" అని పిల్లవాడు నన్ను అడిగెను. "పెండ్లిళ్ళలో ఎదురుపడువారము. అట్లడిగిన పిమ్మట వారి ముఖము ఎట్లు చూచెదము?" అని వారించినవాడను నేనే. సంఘములో పెద్దవాడనని నా మాటకు విలువ నిచ్చి వాడు మిన్నకుండెను.

ఐదవ నెలలో పడవలో నీరు ఊరసాగినది. కొన్నాళ్ళు రాత్రింబవళ్ళు పంపు పెట్టి తోడినారు. తుదకు పైకి లాగి చూడగా, అడుగు పలకలపై ఫైబరు గ్లాసు పొర అంటించి యుండెను. ఆ పొరను చీల్చి ఇనుపమొన గుచ్చగా పిడిదాక దిగినది. నమ్మి నానబోసిన పుచ్చి బుర్రలైనట్లు, మధ్యభాగమున మంచి పలక యన్నదే మిగులలేదు. మరమ్మతునకు తొమ్మిది లక్షలైనది. పడవ ఊరకనున్న రెండు మాసముల బాడుగ నష్టము వేరు. అమ్మినవారిని అడుగగా, "మాకును తెలియదు, మేమును ఇట్లే కొంటిమి" అనిరి. అది అబద్ధమని నేననజాలను. వారును అడుగు చూడకయే కొనియుందురు. నలువదివేలు మిగిల్చితినని, మర్యాద నిలిపితినని నేను తలచితిని. ఆ మర్యాద వెల తొమ్మిది లక్షలైనది. మా చెల్లెలి నగలు నేటికిని బ్యాంకులోనే యున్నవి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అందువలననే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఇంతకు పడవ అడుగున చెడునది ఏమో తెలిసికొనుట మంచిది. నేటి ఇంటిపడవకు మూలము కెట్టువళ్ళమను బరువుల పడవ. కుట్టనాటి వడ్లను కొచ్చికి చేర్చినది అదియే. ఆంజిలి పలకలను మేకులు లేకుండ కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టి, అతుకులలో పీచు కూరి, జీడిపిక్కల నూనెతో నల్లని పూత పూయుట అచ్చటి పనివారి విద్య. రోడ్లు, లారీలు వచ్చి ఆ మోత తగ్గిన పిమ్మట, 1990 తరువాతి సంవత్సరములలో వానిపై వెదురుతోను చాపలతోను గదులు కట్టి యాత్రికులకు ఇయ్యసాగిరి. పూతను, త్రాళ్ళను, పీచును వేళకు మార్చుచున్నంతవరకు ఆ కొయ్య చాల కాలము నిలుచును. మార్చనినాడు, స్నానపు గదుల క్రిందను, ఇంజను క్రిందను నిలిచిన మురుగునీటివలన లోపలినుండి పుచ్చును. వేసవిలో తణ్ణీర్‌ముక్కము కట్ట ఉప్పునీటిని దక్షిణమునకు పోనీయదు. కట్టకు ఉత్తరమున తిరిగెడి పడవకు కొయ్యను తొలిచెడి ఉప్పునీటి పురుగు భయము అధికము. ఫైబరు పొర వేసిన పడవలో పొరకును పలకకును నడుమ నీరు చేరినచో, బయట మెరయుచుండగనే లోపల కుళ్ళును. ఇనుప రేకుల అడుగునకు శత్రువు తుప్పు. అది నీటి అంచు తగులు చోటను, నేలపలకల క్రింద చెమ్మ నిలుచు చోటను ముందుగా పట్టును. ఆరు మిల్లీమీటర్ల రేకు ఒకచోట నిక్షేపముగా నుండి, జానెడు దూరములో సగమునకు సగము తిని యుండవచ్చును. రంగు వేసినచో రెండును ఒక్కతీరుగనే కనబడును.

పరీక్ష యన నేమి? పడవను యార్డులో పైకి లాగి, పాచిని, గుల్లలను గోకి, ఆరనిత్తురు. నిపుణుడు కొయ్యను సుత్తితో తట్టి శబ్దము వినును. గట్టి పలక ఖంగున పలుకును, పుచ్చినది మొద్దుగా పలుకును. అనుమానమున్న చోట మొన గుచ్చి చూచును. ఇనుప రేకైనచో ధ్వనితరంగములతో మందము కొలిచెడి చిన్న యంత్రముతో వరుసలు వరుసలుగా కొలిచి పట్టిక వ్రాయును. నేలపలకలు ఎత్తించి లోపలి ప్రక్కను చూచును. మరచక్రపు ఇరుసు బయటికి వచ్చు చోటును, తోడు పంపులను, పాత అతుకులను చూచును. నక్షాలో లేని పై అంతస్తును ఎవరైన తరువాత కట్టిరా యని విచారించును. పైబరువు పెరిగిన పడవ ఒరిగిపోవుటకు సిద్ధముగా నుండును.

ఇంగ్లండు కాలువలలో ఏడడుగుల వెడల్పు మాత్రమే కల ఉక్కు పడవలలో కాపురముండువారు వేలకొలది కలరు. అచ్చట వాడిన పడవను కొనువాడు తన ఖర్చుతో దానిని పైకి తీయించి అడుగు పరీక్ష చేయించుట సాధారణముగా జరుగు పని. రేకు నాలుగు మిల్లీమీటర్లకంటె పలుచబడినచో బీమా కంపెనీలు చాలవరకు మరమ్మతు కోరును. అమ్మువాడు దానిని అవమానమని తలపడు. పరీక్షను వద్దనువానినే జనులు అనుమానింతురు.

మనవారు చెప్పెడి ఆక్షేపణలు నాకు తెలియును. "ప్రభుత్వ సర్వే పత్రము ఉన్నది గదా?" అందురు. ఉండవలసినదే. 1917 నాటి దేశీయ జలయాన చట్టము ప్రకారము గాని, దాని స్థానమున 2021లో వచ్చిన క్రొత్త చట్టము ప్రకారము గాని, సర్వే పత్రము లేనిదే యంత్రపు పడవను నడుపరాదు. రిజిస్ట్రేషను, బీమా, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, వీనితోపాటు దానిని అడిగి చూడుడు. కాని ఆ పత్రము, పరీక్ష జరిగిన నాడు పడవ ప్రయాణమునకు తగియుండెనని చెప్పునే గాని, నేడు మీరిచ్చెడి వెలకు తగునని చెప్పదు. "మా వడ్రంగి చూచినాడు" అని మరికొందరందురు. వడ్రంగి చూచినది నీటిపై తేలుచున్న పడవను. "ఆలస్యమైన మరొకరు కొనిపోవుదురు" అనుట మూడవ మాట. పుచ్చిన పడవను మరొకరు కొనిపోయిన మనకు లాభమే గదా!

ఇది సొమ్ముతో తీరునది కాదు. 2009 సెప్టెంబరు 30న తేక్కడి జలాశయములో యాత్రికుల పడవ తలక్రిందులై 45 మంది మరణించిరి. వైగై ద్వారా మధుర ప్రాంతపు పొలములకు వచ్చునది ఆ జలాశయపు నీరే. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరువద్ద పడవ మునిగి మన తెలుగు కుటుంబములు ఎన్నియో చెదరిపోయినవి. 2023 మే 7న తానూరులో మునిగిన పడవ చేపల పడవను మార్చి కట్టినదని తరువాత వెల్లడియైనది. అందు పోయినవారు 22 మంది, వారిలో పసిపిల్లలు పెక్కురు. ఇవి అడుగు పుచ్చుటవలన జరిగినవని నేననుట లేదు. జనము ఎక్కువగుట, ఒక ప్రక్కకు చేరుట, ప్రవాహవేగము, ఇట్లు ఒక్కొక్కదానికి వేర్వేరు కారణములు కలవు. అయినను ఒక్క సంగతి స్పష్టము. పడవ యెక్కువాడు దాని అడుగును చూడలేడు. టిక్కెట్టు కొని, యజమాని చూచియుండునని నమ్మి బిడ్డలతో ఎక్కును. రేపు ఆ యజమాని మన పిల్లవాడు.

వర్తకులమగు మనకు ఇది క్రొత్త నీతి కాదు. కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దమున మోటుపల్లి రేవులో అభయశాసనము వేయించి, ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకును పూర్వరాజులవలె లాగుకొనక, తగిన సుంకము మాత్రమే గైకొందునని వర్తకులకు మాట యిచ్చెను. రాజు మనిషినుండి కాపాడగలడు గాని పుచ్చుపలకనుండి కాపాడలేడు. లండనులో లాయిడ్ అనునాతని కాఫీ దుకాణమున చేరెడి వర్తకులు 1760లో ఒక సంఘముగా కూడి, నిపుణులచే ఓడలను పరీక్షింపజేసి, ఏ ఓడ ఎట్టిదో పుస్తకముగా వ్రాయించుకొనిరి. వారికిని చుట్టరికములు, స్నేహములు ఉండియే యుండును. అయినను తమ సొమ్మును ముఖప్రీతికి విడువలేదు.

కనుక మన సంఘము రాబోవు సర్వసభ్య సమావేశములో ఒక తీర్మానము చేయవలెనని నా కోరిక. మొదటిది, సభ్యుల నడుమ జరిగెడి పడవ బేరములలో అడుగు పరీక్షను నియమముగా పాటింపవలెను. అందరికిని నియమమైనపుడు ఎవరికిని అవమానము కాదు. రెండవది, బేరపు కాగితములో "పరీక్షకు లోబడి" అని వ్రాసి, దోషము తేలినచో వెల తగ్గించుటయో, బయానా తిరిగి యిచ్చుటయో ముందే నిర్ణయింపవలెను. మూడవది, నిపుణుని కొనువాడే ఏర్పరచి, రుసుము తానే ఇయ్యవలెను. అమ్మువాడు గాని దళారి గాని చూపినవానిని తీసికొనరాదు. నాలుగవది, సంఘపు పెద్దలమగు మేము ఏ పడవకును నోటిమాటతో పూచీ పడరాదు. ఈ నాలుగవ నియమము ముందుగా నాకే వర్తించును.

చుట్టరికము గొప్పది. దానిని కాపాడదలచినచో దానిపై మోయరాని బరువు పెట్టరాదు. నాడు పరీక్ష జరిగియుండినచో ఇరుప్రక్కలవారికి ఒక పూట మనస్తాపము కలిగియుండునేమో. జరుగకపోవుటచే మూడేండ్లుగా ఆ రెండు ఇండ్లవారు ఒకరి శుభకార్యమునకు ఒకరు పోవుట లేదు. నేను దేనికి భయపడి వారించితినో అదియే జరిగినది. మన పిల్లలు పడవలు కొనెదరు గాక, వృద్ధి పొందెదరు గాక. కాని ముందు అడుగు చూచి, పిమ్మట చేయి కలిపెదరు గాక.