పాటకూ పాటకూ నడుమ

రేడియో పెట్టెను అటక మీదికి ఎక్కించని యిళ్లు జింగనూర్ పరిసరాలలో ఎన్ని మిగిలాయో మేము లెక్క తీయలేదు. కొన్ని వుంటాయి. పెద్దవాళ్లకు ఆ పెట్టె మీద మమకారం పోదు. పిల్లలకు దానితో పనిలేదు. ఈ నెల మా ముచ్చట ఆ పెట్టె గురించి మాత్రమే కాదు, అది మన యిళ్లలో చడీచప్పుడు లేకుండా చేసిపెట్టిన ఒక పని గురించి. ఆ పని ఇప్పుడు ఎవరూ చేయడం లేదని మా ఫిర్యాదు.

ముందుగా ఒక శాస్త్ర విషయం చెప్పుకుందాం. పగటిపూట గురగురలాడే విజయవాడ కేంద్రం చీకటి పడేసరికి గోదావరి దాటి మన అడవిలోకి చక్కగా వినవచ్చేది. రాత్రి గాలి చల్లబడుతుంది గనుక పాట బాగా వస్తుందని మన పెద్దలు అనేవారు. గాలి చల్లదనానికీ దీనికీ సంబంధం లేదు. భూమికి సుమారు 60 మొదలు 90 కిలోమీటర్ల ఎత్తున, ఎండలోని కంటికి కనపడని కిరణాలు గాలి అణువులను విడగొట్టి విద్యుత్తు నిండిన ఒక పొరను తయారు చేస్తాయి. మీడియం వేవ్ తరంగాలను ఆ పొర మింగేస్తుంది. పొద్దు గూకగానే ఆ పొర చెదిరిపోతుంది. అంతకన్నా పైన వుండే పొరలు మాత్రం రాత్రి కూడా నిలిచి, ఆ తరంగాలను అద్దంలాగా కిందికి మళ్లిస్తాయి. ఈ పై పొర వున్నదని 1924లో ప్రయోగం చేసి చూపిన ఆపిల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞునికి 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా గారూ, వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు గారూ ఈ పొరల మీదనే పరిశోధనలు సాగించారు. అనగా రాత్రిపూట దూరాన్నుంచి వచ్చి మన చెవిని పడిన పాట ఆకాశం దాకా పోయి వచ్చిన పాట!

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పనిచేసిన కేంద్రమది. తెల్లవారి భక్తిరంజని వినందే పొయ్యి ముట్టించని ఇల్లాళ్లు వుండేవారు. సినిమా పాటల సంగతి వేరు. 1952లో రేడియో శాఖ మంత్రిగా వచ్చిన కేస్కర్ గారు సినిమా పాటలు జనం అభిరుచిని పాడు చేస్తున్నాయని వాటికి కళ్లెం వేశారు. జనం ఏం చేశారు? ముల్లును రేడియో సిలోన్ వైపు తిప్పారు. ఐదేళ్లకు ఆకాశవాణి వారే దిగివచ్చి 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభించవలసి వచ్చింది. కేస్కర్ గారి శాస్త్రీయ సంగీతాభిమానాన్ని మేము తప్పు పట్టం. కాని ముక్కు మూసి మింగించిన మందు ఎవరికి రుచిస్తుంది?

బలవంతం వేరు, పంక్తిలో వడ్డించడం వేరు. రేడియో చేసింది ఈ రెండో పని. పంక్తిలో కూర్చున్నప్పుడు పాయసం వచ్చేదాకా కాకరకాయ కూర కూడా కొంత తింటాం గదా? అదే విధంగా పాటకోసం కాచుకుని కూర్చున్నవాళ్ల చెవుల్లో నడుమ నడుమ వార్తలు పడేవి, వ్యవసాయం మాటలు పడేవి, ఒక్కొక్కప్పుడు ఒక శాస్త్ర ప్రసంగమూ పడేది. 1969 జూలైలో చంద్రుని మీద మనిషి కాలు మోపిన సంగతీ, 1975 ఏప్రిల్‌లో మన ఆర్యభట్ట ఉపగ్రహం ఆకాశానికి ఎగిరిన సంగతీ అక్షరం ముక్క రాని ముసలమ్మలకు కూడా తెలిసింది ఇలాగే. వాళ్లు శాస్త్రం వినడానికి కూర్చోలేదు. పాట కోసం కూర్చున్నారు, శాస్త్రం దానంతటది వచ్చింది.

ఇప్పుడు కాచుకుని కూర్చునేవాళ్లు లేరు. సిగ్నల్ అందిన చోట ఫోనులో ఏ పాట కావాలంటే అది క్షణంలో వస్తుంది. ఈ సౌకర్యాన్ని మేము తిట్టబోవడం లేదు. ఎన్నడో పోయిందనుకున్న నాదస్వర కచేరీ ఒకటి ఇంట్లో కూర్చుని వినగలగడం చిన్న భాగ్యమా? అయితే ఆ యంత్రం మనం నిన్న విన్నదాన్ని బట్టి ఇవాళ వడ్డిస్తుంది. పాయసం అడిగినవాడికి మళ్లీ మళ్లీ పాయసమే. కాకరకాయ ఆ విస్తట్లో పడనే పడదు.

మరి శాస్త్ర వార్త ఏ దారిన వస్తున్నది? వాట్సాప్ దారిన. ఈ రాత్రి 12.30 నుంచి 3.30 వరకు విశ్వకిరణాలు భూమికి దగ్గరగా పోతాయి, ఫోను ఆర్పి దూరంగా పెట్టండి అనే కబురు చాలా యేండ్ల నుంచి తిరుగుతూనే వున్నది. పంపినవారి ప్రేమను శంకించనక్కర లేదు, కబురు మాత్రం శుద్ధ అబద్ధం. విశ్వకిరణాలను విక్టర్ హెస్ 1912లో బెలూన్ ఎక్కి పైకి పోయి కనిపెట్టాడు. అవి ఒక రాత్రి వచ్చి పోయేవి కావు. పగలూ రాత్రీ పడుతూనే వుంటాయి. పైనుంచి వచ్చేవాటిని చాలా వరకు భూమి అయస్కాంత శక్తీ, మన మీది గాలీ ఆపుతాయి. వాటి తాకిడికి గాలిలో పుట్టే మ్యూయాన్లు అనే కణాలు మాత్రం చదరపు సెంటీమీటరు చోటుకు నిమిషానికి సుమారు ఒకటి చొప్పున మన శరీరంలోంచి దూసుకుపోతూనే వుంటాయి. ఇది చదువుతున్నప్పుడు కూడా! ఫోను వున్నా లేనా వాటికి ఒకటే.

పాటను ప్రేమించేవారికి శాస్త్రం చేదు కానక్కర లేదు. మృదంగం కుడివైపు మూత మీద నల్లని గుండ్రటి పూత ఎందుకు? సర్ సి.వి. రామన్ గారికి ఇదే సందేహం వచ్చింది. మామూలు తోలు మూతను కొడితే పుట్టే నాదాలు ఒకదానితో ఒకటి లెక్క కుదరవు, అందుకే మన దప్పు చప్పుడులో గుండె అదిరే బలం వుంటుంది గాని దానిని ఒక శ్రుతికి కట్టలేం. నడుమ ఆ పూత బరువు పెట్టేసరికి ఆ నాదాలు ఒకటికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా లెక్కలో పడి తంబురాతో కలుస్తాయి. రామన్ గారు 1920లో దీనిని లోకానికి చెప్పి, 1934లో మరింత విస్తరించి రాశారు. ఏ పరికరాలూ లేకుండా ఆ పూత కనిపెట్టిన పేరు తెలియని పనివాడిని కూడా శాస్త్రజ్ఞుల లెక్కలోనే వేయాలని మా అభిప్రాయం.

ఈ రెండింటినీ ఒక్క చేత పట్టినవారు మన మహారాష్ట్రలోనే నివసించారు. కొడవటిగంటి కుటుంబరావు గారి కుమారుడు రోహిణీప్రసాద్ గారు (1949–2012) బొంబాయి భాభా అణుపరిశోధన కేంద్రంలో శాస్త్రజ్ఞులు; సితార్ వాయించేవారు; రాగాల గురించీ, విశ్వం గురించీ, జీవపరిణామం గురించీ సామాన్యులకు తెలిసే తెలుగులో రాశారు. తెలుగు దేశానికి దూరంగా వుండి తెలుగులో శాస్త్రం రాయడం సాధ్యమేనా అని అడిగేవారికి ఆయన పేరు చెబితే చాలు.

మన యిళ్లలో అసలు చిక్కు ఇక్కడే వున్నది. పిల్లల బడి మరాఠీలో. తెలుగు వాళ్లకు అక్షరం ద్వారా కాదు, చెవి ద్వారా వస్తున్నది. ఇల్లంతా ఒక పెట్టె ముందు కూర్చున్న రోజుల్లో తాత విన్న మాటే మనవడూ విన్నాడు. ఇప్పుడు ఎవరి చెవుల్లో వారి బిరడాలు! “తాతా, వారంవారతా అంటే ఏంది?” అని పిల్లవాడు సైన్సు పుస్తకం పట్టుకుని అడిగితే తాత తెల్లబోతాడు. ఒక తీగ క్షణానికి ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే మాట అది. తెలుగులో పౌనఃపున్యం అంటారు. వారంవారం అన్నా, పునఃపునః అన్నా అర్థం ఒక్కటే, మళ్లీ మళ్లీ అని. ఇద్దరూ ఒకే పాట విని వుంటే తంబురా తీగ చూపించి రెండు నిమిషాల్లో చెప్పవచ్చు.

చెవి బిరడాల మాట వచ్చింది గనుక తల్లులకు ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం పెద్దలు 80 డెసిబెళ్ల మోతను వారానికి 40 గంటలు వినవచ్చు; పిల్లలకైతే 75 మించరాదు. మోత 3 డెసిబెళ్లు పెరిగితే వినదగిన కాలం సగమవుతుంది. 83కు 20 గంటలు, 86కు 10, 92కు రెండున్నర. పక్కన కూర్చున్నవారికి పాట వినబడుతున్నదంటే మోత ఎక్కువయిందని అనుమానించవలసిందే.

ఖర్చు లేని ఉపాయం ఒకటి చెబుతాము. రాత్రి భోజనాలయ్యాక ఆ బిరడాలు తీయించి, ఫోనును ఖాళీ కుండలో నిలబెట్టండి. కుండలోని గాలి పాటతో పాటు కంపించి మంద్రస్వరాలను పుష్టిగా వినిపిస్తుంది. కుండ కొత్త శక్తిని పుట్టించదు. నలువైపులా చెదిరేదాన్ని మూతి వైపు తిప్పుతుంది, అంతే. ఇంట్లో అందరికీ వినపడడానికి అది చాలు. ఆకాశవాణి తెలుగు కేంద్రాలు వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దొరుకుతాయి. పాటలు మీ యిష్టం. రెండు పాటల నడుమ ఒక శాస్త్ర విషయం ఇంట్లో చదువుకున్న పిల్ల ఎవరైనా తెలుగులో చెప్పాలి. మరాఠీ మాట అడ్డు వస్తే అక్కడ ఆగి పెద్దల సాయం తీసుకోవచ్చు.

అలా అడ్డు వచ్చిన మరాఠీ శాస్త్ర పదాలను, పక్కన మీ యింట్లో కుదిరిన తెలుగు మాటతో సహా, వచ్చే నెల 10వ తేదీలోగా మాకు రాసి పంపండి. వచ్చినవన్నీ ఈ పేజీలోనే అచ్చు వేస్తాము. మొదటిది మేమే ఇస్తున్నాము: మరాఠీ పుస్తకంలో ‘ఘనతా’ అని వుంటే అది ఎవరి గొప్పతనమూ కాదు, తెలుగులో సాంద్రత.