పటము పెద్దదా, చట్రము పెద్దదా?

శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రమును కొని, దానిని అంగడిలో సిద్ధముగానున్న చట్రపు కొలతకు కత్తిరింపించు ఆచారమొకటి కానవచ్చుచున్నది. మధ్యనున్న దేవతామూర్తి నిలుచును. చుట్టునున్న కథాఖండములును, వాటికి తోడుగా తెలుగు లిపిలో వ్రాసిన వాక్యములును కత్తెర పాలగును. రామాయణ పటమున పట్టాభిషేకము మిగిలి అరణ్యవాసము ఖండితమగుట ఏపాటి భక్తియో, ఆ చట్రమునకు బంగారుపూత కోరినవారే చెప్పవలెను.

ఇందు పూర్వపక్షులు ఇరుతెగలవారు. మొదటివారు అలంకారవాదులు. దేవుని చిత్రమునకు ఎంత స్వర్ణశోభ కూర్చిన అంత గౌరవమని వారి మతము. జపాకుసుమము చెంతనున్న స్ఫటికము ఎఱ్ఱగా తోచునని వేదాంతవిద్యార్థి తొలినాళ్లలోనే వినును. కలంకారీ వర్ణములు కరక్కాయ, పటిక, చిరివేరు, నీలిమందు, బెల్లమును ఇనుమును నీట పులియబెట్టి తీసిన నలుపు, వీటినుండి పుట్టినవి. అవి మెఱయవు, నూలులోనికి ఇంకియుండును. వాటిప్రక్కన తళతళలాడు చట్రమును నిలిపినచో కన్ను ముందు దానినే పట్టును; పిదప వస్త్రమే వెలిసినదన్న భ్రమ కలుగును. చట్రపు ధర్మము పటముపై ఆరోపితమైనది. ఇది అధ్యాస కాక మఱేమి?

రెండవవారు మఱింత ప్రమాదకరులు. చట్రము ఉపాధిమాత్రమే, ఏదైననేమి, ఘటము పగిలినను ఆకాశమునకు హాని లేదుగదా యని వారు నవ్వుదురు. ఆకాశము నిరవయవము, నూలుగుడ్డ సావయవము. దృష్టాంతము ఇచట చెల్లదు. ఆమ్లగుణముగల చౌక అట్టను వెనుక చేర్చినచో గుడ్డ కాలక్రమమున పసుపువాఱి పెళుసగును. జిగురుతో అంటించినచో మరల ఊడదీయుట దుర్లభము. అద్దము వస్త్రమును తాకుచున్నచో చెమ్మ చేరి బూజు పట్టును. వ్యవహారమున వివేకము వలదనుటకు పరమార్థమును సాకుగా చూపుట అద్వైతము కాదు, సోమరితనము.

విద్యారణ్యులు పంచదశిలోని చిత్రదీపప్రకరణమున చిత్రపటమునే దృష్టాంతముగా గైకొనిరి. ఉతికిన వస్త్రము, గంజితో గట్టిపఱచినది, రేఖలు గీచినది, రంగులు నింపినది అను నాలుగవస్థలను చిత్తు, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టులకు పోల్చిరి. ఆ నాలుగింట చట్రమునకు చోటు లేదు. అధిష్ఠానము వస్త్రమే. సంస్కృతమున పటమనగా వస్త్రమే గదా. తెలుగువారు 'పటము కట్టించుట' యనునప్పుడు మాత్రము అద్దమును, కఱ్ఱను తలచుచున్నారు. మాట వలెనే దృష్టియు గుడ్డను విడిచి చట్రమునకు జాఱినది.

కావున ఎన్నిక వస్త్రమునుండి మొదలుకావలెను. అంచు మడతతోసహా కనబడునట్లు చట్రము వస్త్రముకంటె పెద్దదై యుండవలెను. రంగు వేయని సన్నని టేకు పట్టీ చాలును. ఆమ్లరహితమైన అట్టపై నూలుగుడ్డ కప్పి, దానికి వస్త్రమును సూదితో అక్కడక్కడ కుట్టవలెను. అద్దమునకును గుడ్డకును నడుమ 5 మిల్లీమీటర్ల సందు ఉంచవలెను. ఎండ నేరుగా పడు గోడ తగదు, చిరివేరు ఎఱుపు క్రమముగా వెలియును. మిక్కిలి పెద్ద వస్త్రమైనచో చట్రమే వలదు. పైయంచున గుడ్డగొట్టము కుట్టి, కఱ్ఱ దూర్చి వ్రేలాడదీయవచ్చును. గోడ చిన్నదైనవారికి చిన్న వస్త్రములును దొరకును.