జాప్యం మన దూరం కాదు

ఉత్తర తెలంగాణలో నెట్‌వర్క్ గదులను చూసుకునేవాళ్లం, ఆ గదుల మీద ఆధారపడి పనిచేసేవాళ్లం, వాటి పుణ్యాన కౌంటర్ల ముందు గంటలు నిలబడేవాళ్లం కలిసి ఈ ప్రణాళికను ప్రకటిస్తున్నాం. మా ఉద్యమానికి ఇంకా పేరు లేదు, ఆఫీసు లేదు. నిశ్చయం ఉంది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ మనిషీ కంప్యూటర్ తెర మీద తిరిగే గుండ్రాన్ని చూస్తూ ఒక పూట కూలి పోగొట్టుకోకూడదు. ఇది సాధ్యమేనని మాకు తెలుసు. చదువుతున్న మీరు స్విచ్ ముట్టుకున్నవారైనా, "సర్వర్ బిజీ ఉన్నది, రేపు రాండ్రి" అన్న మాట విని ఇంటికి మళ్లినవారైనా ఈ నడకలో మీకు చోటుంది.

2016 అక్టోబరు 11న కొన్ని మండలాలు పక్క జిల్లాలకు పోగా, ఈ రెండు జిల్లాలు ఎనిమిదయ్యాయి. కొత్త కలెక్టరేట్లు లేచాయి. ఆసుపత్రులు, గురుకులాలు, కళాశాలలు పెరిగాయి. 2020 జులైలో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరిచారు. ఇలాంటి ప్రతి భవనంలోనూ ఎక్కడో ఒక మూల చిన్న గది, అందులో ఒక ర్యాక్, ఆ ర్యాక్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చిన స్విచ్‌లు ఉంటాయి. పోర్టులు చాలకపోతే ఇంకో స్విచ్ చేరుతుంది. పింఛను, భూమి కాగితం, రక్తపరీక్ష ఫలితం, పిల్లల హాజరు అన్నీ ఆ గది గుండానే పోతాయి. ఆ గది తాళం ఎవరి దగ్గర ఉందో మాత్రం చాలాచోట్ల నలుగురిని అడిగితే గానీ తెలియదు. "మారుమూల కదా, నెట్ అట్లనే ఉంటది" అనే జవాబు మీద పాత పద్ధతి ఇన్నాళ్లు బతికింది. దాని కాలం తీరింది.

మా విశ్వాసాలు ఇవి.

1. దూరం మీద నింద మోపడం ఆపాలి. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ రోడ్డు వెంట సుమారు 300 కిలోమీటర్లు. అంత దూరం పోయి రావడానికి వెలుగుకు పట్టేది 3 మిల్లీసెకన్లు. ఫైబర్ చుట్టు తిరిగి వెళ్తుందనుకుని ఇంకో మూడు కలపండి. కరీంనగర్‌కైతే అందులో సగం. 1,500 బైట్ల ఫ్రేము గిగాబిట్ లైను మీదికి ఎక్కడానికి 12 మైక్రోసెకన్లు చాలు. రద్దీ లేనప్పుడు స్విచ్ దాన్ని ఒక పోర్టు నుంచి మరో పోర్టుకు దాటించడమూ మైక్రోసెకన్ల పనే. అన్నీ కూడినా పది మిల్లీసెకన్లు దాటదు. మరి మన మనిషి పది సెకన్లు ఎదురుచూస్తున్నాడంటే, ఆ సమయం దారిలో ఖర్చు కాలేదు. ఎక్కడో ఒక చోట ఆగింది. ఆ చోటును వేలు పెట్టి చూపించవచ్చు.

దీనికి చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికీ మధ్య నెట్‌వర్క్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రెంటి మధ్య దూరం 400 గజాలు. వాన్ జేకబ్‌సన్ దాని కారణం తవ్వి తీశాడు. దారి నిండిపోయిందని గ్రహించని కంప్యూటర్లు పంపిందే మళ్లీ మళ్లీ పంపుతున్నాయి. ఆయన 1988లో ప్రచురించిన పరిష్కారం మీదే ఈనాటి ఇంటర్నెట్ రద్దీ నియంత్రణ నిలబడింది. 400 గజాల్లో కుప్పకూలిన నెట్‌వర్క్‌ను ప్రపంచం చూసింది. ఉట్నూరు దూరమని, తిర్యాణి అడవి అని చెప్పే సాకును మేము ఇక ఒప్పుకోం.

2. పేర్చిన స్విచ్‌లు బయటికి ఒక్కటిగా కనబడతాయి. లోపలి సంగతి తెలిసినవాడే వాటిని బాగుచేయగలడు. ఇలా పేర్చిన గుంపునే స్టాక్ అంటాం. దాని మొత్తానికి ఒకే చిరునామా, ఒకే కాన్ఫిగరేషన్. లోపల ఒకటి మాస్టర్, మిగిలినవి సభ్యులు. 2003లో సిస్కో కంపెనీ క్యాటలిస్ట్ 3750తో తెచ్చిన స్టాక్‌వైజ్ పద్ధతిలో 9 స్విచ్‌ల దాకా వెనుక కేబుళ్లతో వలయంగా కలుపుతారు. ఆ వలయం సామర్థ్యం సెకనుకు 32 గిగాబిట్లు. ఒక కేబుల్ ఊడినా పని ఆగదు, సామర్థ్యం మాత్రం సగమవుతుంది. పని ఆగదు కాబట్టే ఎవరూ వెనక్కి తొంగిచూడరు. వలయం తెగిన స్టాక్ నెలల తరబడి అలాగే నడుస్తూ ఉంటుంది.

ఈ నేల మీద దీన్ని వివరించడానికి గొలుసుకట్టు చెరువులకు మించిన పోలిక మాకు దొరకలేదు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. చివరి చెరువుకు ఒకటే తూము ఉంటే పైనున్న వాటన్నిటి నీళ్లూ దాని గుండానే బయటపడాలి. నాలుగు స్విచ్‌ల స్టాక్‌లో బయటికి పోయే అప్‌లింకులు రెండూ ఒకే స్విచ్‌కు బిగిస్తే జరిగేది అదే. మిగిలిన మూడింటి రద్దీ స్టాక్ కేబుళ్ల మీదుగా దాని మీదే పడుతుంది. ఆ స్విచ్ బఫర్ నిండి మత్తడి పడుతుంది. పొర్లిన ప్యాకెట్లు పోయినట్టే. పంపిన కంప్యూటర్లు వాటిని తిరిగి పంపుతాయి, వరుస ఇంకా పెరుగుతుంది. అప్‌లింకులను రెండు వేర్వేరు సభ్యుల మీదికి మార్చి ఎల్‌ఏసీపీ అనే పద్ధతితో ఒకే లైనుగా కలిపి కట్టడానికి చాలాసార్లు కొత్త సామాను అక్కర్లేదు, ఒక పూట చాలు. ఆ ఒక్క పూట దొరకక ఊళ్లకు ఊళ్లు ఎదురుచూడటం మేము సహించం.

మాస్టర్ ఎవరో కూడా మనమే తేల్చి రాయాలి. ప్రాధాన్యం అంకె ఇవ్వకుండా వదిలేస్తే, కరెంటు పోయి అన్నీ ఒకేసారి లేచినప్పుడు చివరికి తక్కువ మ్యాక్ చిరునామా ఉన్న స్విచ్ పెద్దరికం తీసుకోవచ్చు. అది గుంపులో అన్నిటికన్నా పాతదీ, బలహీనమైనదీ కావచ్చు.

3. కొలవకుండా నింద వేయం, కొలవకుండా కొననివ్వం. పాత పద్ధతికి తెలిసిన వైద్యం రెండే: స్విచ్ కరెంటు తీసి పెట్టడం, లేదా కొత్తది కొనడం. రెండూ జబ్బు ఆనవాళ్లను చెరిపేస్తాయి. రీస్టార్ట్ చేస్తే స్విచ్‌లో తప్పులను లెక్కపెట్టే కౌంటర్లు సున్నాకు వస్తాయి, కారణం కూడా వాటితోనే పోతుంది.

కొలతలోనూ నిజాయితీ కావాలి. స్విచ్ సొంత చిరునామాకు పింగ్ కొట్టి, జవాబు 200 మిల్లీసెకన్లకు వచ్చిందని స్విచ్‌ను దోషిని చేయడం అన్యాయం. పింగ్‌కు జవాబివ్వడం స్విచ్ ప్రాసెసర్ చేసే చివరి పని. ప్యాకెట్లను దాటించే పని వేరే చిప్‌లది. కాబట్టి స్విచ్ గుండా కొలవాలి. ముందు ఒకే స్విచ్‌లో రెండు కంప్యూటర్ల మధ్య, తర్వాత స్టాక్‌లోని రెండు వేర్వేరు సభ్యుల మధ్య, తర్వాత అప్‌లింకు దాటి, చివరికి భవనం దాటి. అంకె ఎక్కడ ఎగిరిందో జబ్బు అక్కడుంది. అక్కడ పోర్టు కౌంటర్లు చదవాలి. సీఆర్‌సీ తప్పులు, అంటే దారిలో చెడిపోయి చేరిన ఫ్రేములు, పెరుగుతుంటే కేబుల్ వైపో, బిగింపు వైపో చూడాలి. లేట్ కొలిజన్లు కనబడితే ఒక కొస ఫుల్ డూప్లెక్స్‌కు బిగించి, రెండో కొస ఆటోలో వదిలేశారేమో చూడాలి. అప్పుడు ఆటోలో ఉన్న కొస హాఫ్‌కు దిగజారుతుంది, రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. అవుట్‌పుట్ డ్రాప్‌లు పెరుగుతుంటే రద్దీ వైపు చూడాలి. అయిదు నిమిషాల సగటు గ్రాఫు పది శాతమే చూపిస్తుంది, ఆ సగటు చాటున మిల్లీసెకన్ల పాటు వచ్చే ఉప్పెనలు బఫర్‌ను నింపిపోతాయి. సగటు అంకెను చూపి ప్రజల అనుభవాన్ని అబద్ధం అనే హక్కు ఎవరికీ లేదు.

4. "నెట్ స్లో" అన్నదంతా నెట్‌ది కాదు. కంప్యూటర్‌లో రాసిన, సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్లలో మొదటిది చచ్చినదైతే ప్రతి సైటూ కొన్ని సెకన్లు ఆగి తెరుచుకుంటుంది. స్విచ్‌లన్నీ మార్చినా ఆ సెకన్లు పోవు.

5. బల్ల కింది చిన్న స్విచ్‌ను కూడా నెట్‌వర్క్‌లో భాగంగానే లెక్కించాలి. ఎవరో ఒక కేబుల్ రెండు కొసలనూ అందులోనే గుచ్చితే బ్రాడ్‌కాస్ట్ తుఫాను లేచి భవనమంతా మూగబోతుంది. రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించిన స్పానింగ్ ట్రీ ఇలాంటి చుట్లను కత్తిరించడానికే పుట్టింది. దాన్ని ఆపేసి పెట్టిన చోట తిరిగి నిలబెడతాం. కంప్యూటర్ పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా గుర్తించి, అక్కడ ఎవరైనా స్విచ్ తగిలిస్తే ఆ పోర్టును మూసేసే బీపీడీయూ గార్డ్‌ను కాపలా పెడతాం. ఈ గుర్తింపు లేకపోతే ఒక ఉద్యోగి తన కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ నెట్‌వర్క్ రూపం మారిందన్న కబురు స్విచ్‌లన్నిటికీ పోతుంది. అవి నేర్చుకున్న చిరునామాలను త్వరగా మరచిపోయి ఫ్రేములను అన్ని పోర్టులకూ చల్లుతాయి. ఉదయం పదింటికి ఆఫీసు తెరవగానే నెట్ నెమ్మదించడానికి ఇదీ ఒక కారణమే.

6. మన ఎండను లెక్కలోకి తీసుకోవాలి. రామగుండంలో, ఆదిలాబాద్‌లో మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. ఆఫీసు స్విచ్‌లలో చాలావాటికి తయారీదారులు రాసిన హద్దు కూడా దాదాపు అంతే, అదీ స్విచ్ చుట్టూ ఉన్న గాలికి. గాలాడని మెట్ల కింద గదిలో, పాత ఫైళ్ల కట్టల నడుమ ఆ గాలి ఎంత వేడెక్కుతుందో చెప్పనక్కర్లేదు. చల్లని దేశాల చేతిపుస్తకం మన గదికి సరిపోదు. గదికి గాలి, ఫ్యాన్ల దుమ్ము తుడిచే తేదీ, నమ్మదగిన యూపీఎస్ కావాలి. వీటిని సౌకర్యాలుగా కాక సేవలో భాగంగా అడుగుతాం.

7. ఈ జ్ఞానం తెలుగులో, ఇక్కడి చేతుల్లో ఉండాలి. మేము అన్నిటికన్నా గట్టిగా నమ్మేది ఇదే. హైదరాబాద్ నుంచి ఇంజినీరు వచ్చేదాకా జిల్లా ఆగడం అనే ఏర్పాటే అతి పెద్ద జాప్యం, దాన్ని ఏ పింగూ కొలవదు. బాసర ఆర్జీయూకేటీలో, నాచుపల్లి, సెంటినరీ కాలనీ జేఎన్‌టీయూ కళాశాలల్లో, మన పాలిటెక్నిక్‌లలో, ఐటీఐలలో చదివే పిల్లలకు ప్రోటోకాళ్ల పేర్లు వచ్చు. తమ ఊరి ఆసుపత్రి ర్యాక్ తలుపు తెరిచి కౌంటర్లు చదివే అవకాశమే లేదు. ఆ అవకాశం మేము అడిగి తెస్తాం. సింగరేణిలో, రామగుండం విద్యుత్ కేంద్రంలో యంత్రం చప్పుడు విని లోపం చెప్పగల తరాలు పెరిగిన నేల ఇది. ప్యాకెట్ల విషయంలోనూ అలాంటి తరం ఇక్కడే పుడుతుంది.

మేము చూస్తున్న రేపు ఇది. 2011లో కేంద్రం ఆమోదించిన, తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకం 2023 ఆగస్టులో సవరణ పొందింది. ఒంటి దారి ఫైబర్ స్థానంలో పంచాయతీలను వలయంగా కలపాలన్నది ఆ సవరణ సారం. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలూ వేశారు. 2024 డిసెంబరులో ఆ సేవ మొదలైన తొలి నాలుగు పల్లెల్లో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. వెలుగు ఊరి దాకా వస్తోంది. భవనం గోడ దాటాక మిగిలే చివరి వంద మీటర్లు మనవి. అక్కడ గెలిస్తే నార్నూరు తల్లి బిడ్డ స్కానింగ్‌ను ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రి డాక్టర్ ఆమె ముందే చూస్తాడు. సిరిసిల్ల నేతన్న ధర అడిగిన క్షణానే బదులు వింటాడు. రేషన్ దుకాణంలో వేలిముద్ర పెట్టిన ముసలమ్మ రెండోసారి వేలు తుడుచుకోవాల్సిన పని ఉండదు. ప్రతి మండలంలో ఒకరు, పేరు తెలిసిన ఒకరు, స్టాక్ ఆరోగ్యాన్ని చదవగలిగి ఉంటారు. జనం వేచి ఉన్న సమయాన్ని ఆఫీసు తన అప్పుగా రాసుకుంటుంది.

కలిసి నడవాలనుకునేవారు ముందు తమ భవనంలోని నెట్‌వర్క్ గది బాధ్యులను కలవండి. అనుమతి తీసుకుని, వారితోనే లోపలికి వెళ్లండి. స్టాక్ కేబుళ్లు రెండు కొసలా బిగించి ఉన్నాయా, అప్‌లింకులు ఎన్ని స్విచ్‌ల మీద ఉన్నాయి, మాస్టర్ ఏది, తప్పుల కౌంటర్లు ఏ పోర్టులో పెరుగుతున్నాయి, గదిలో వేడి ఎంత అన్నవి తేదీ వేసి తెలుగులో రాయండి. వారం తర్వాత అదే గంటకు మళ్లీ రాయండి. ఆ రెండు కాగితాలూ తెస్తే మనం కూర్చుని చదువుదాం. మొదటి మరమ్మతు ఎండాకాలం ముదరకముందే మొదలుపెడదాం.