గడ్డి కోత యంత్రం: అశ్వశక్తి కంటే విడిభాగం ముఖ్యం

తొలకరి పడిన మూడు వారాలకే మన పెరడు మనది కాకుండా పోతుంది. బావి గట్టు, గడ్డివాము చుట్టూ ఉన్న ఖాళీ, పశువుల పాక వెనుక భాగం, కొబ్బరి పాదులు – అన్నింటినీ గరిక, తుంగ, వయ్యారిభామ ఆక్రమిస్తాయి. మోకాలెత్తు గడ్డిలో రాత్రివేళ కాలు పెట్టడానికి పెద్దలు సైతం జంకుతారు. పాముకాట్లు ఎక్కువయ్యేది వానాకాలంలోనే. సరిగ్గా ఆ రోజులలోనే నాట్లు, కలుపుతీతలు ముమ్మరంగా సాగుతుండడం వల్ల పెరటి పనికి కూలీలు దొరకరు. అందుచేత భుజానికి తగిలించుకుని నడిపే పెట్రోలు గడ్డి కోత యంత్రం, బజారులో బ్రష్ కట్టర్ అని పిలిచే సాధనం, నేడు చాలా గ్రామాలలో అవసరమైన వస్తువుగా మారింది. దీని కొరకు రుణం కోరుతూ బ్యాంకు శాఖకు వచ్చే రైతులూ ఉన్నారు.

ఈ యంత్రాన్ని కొనవద్దని నేను చెప్పబోవడం లేదు. అయితే ఎంపిక సమయంలో చూడవలసిన దానిని విడిచి, అంతగా చూడనక్కరలేని దానిని చూస్తున్నామని నా అభిప్రాయం. దుకాణంలో మనం అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని హెచ్.పి.?" అని. రెండవది "ఎంతకిస్తారు?" అని. మూడవ ప్రశ్న ఉండదు. ఆ అడగని ప్రశ్న మూలంగానే ఎన్నో యంత్రాలు రెండవ వానాకాలం చూడకుండా పాక వాసానికి వేలాడుతున్నాయి. యంత్రం ఆగినంత మాత్రాన బ్యాంకు వాయిదా ఆగదు.

ఇందుకు దృష్టాంతం కోసం పరుల ఇంటికి పోనక్కరలేదు. కోనసీమలోని మా కొబ్బరి తోటకు, ఇంటి పెరటికి కలిపి కొన్నేళ్ళ క్రితం నేనే ఒక 52 సి.సి. టూ స్ట్రోక్ యంత్రాన్ని కొన్నాను. శక్తి ఎక్కువ, ధర తక్కువ అన్న మాటకు లొంగిపోయాను. పెట్రోలులో నూనె కలపాలని అమ్మినవారు చెప్పారు గాని, ఎంత కలపాలో చెప్పలేదు; నేనూ అడగలేదు. నేను ఊళ్ళో లేని ఒక రోజున తోట పని చూసే అబ్బాయి మోటారు సైకిలుకు పోసినట్లే ఉత్త పెట్రోలు పోసి నడిపాడు. కొంతసేపటికి ఇంజను బిగుసుకుపోయింది. పట్టణానికి తీసుకుపోగా మెకానిక్ విప్పి చూసి, "పిస్టన్ పట్టేసిందండీ. సిలిండరు కూడా గీరుకుపోయింది. ఈ కంపెనీ సామాను ఇక్కడ దొరకదండీ, ఆయ్" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. పాత స్కూటర్ల కాలం వారికి బంకులో పెట్రోలుతో పాటు 2టి నూనె కొలిచి పోయించుకోవడం అలవాటు. ఆ వాహనాలు కనుమరుగై చాలా కాలమైంది. నేటి యువకునికి పెట్రోలులో నూనె కలపడమంటే కల్తీ చేయడం వలెనే తోస్తుంది.

కాబట్టి ఎంపికలో మొదట తేల్చుకోవలసినది ఇంజను రకం. టూ స్ట్రోక్ ఇంజనులో నూనెకు వేరే గది ఉండదు. పెట్రోలులో కలిసిన నూనెయే పిస్టనుకు, బేరింగులకు కందెనగా పనిచేస్తుంది. కంపెనీ 50:1 అని నిర్దేశిస్తే 5 లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్లు, 25:1 అని నిర్దేశిస్తే 200 మిల్లీలీటర్లు కలపాలి. ఏ పాలు కలపాలన్నది యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని బట్టి నిర్ణయించాలి. పొరుగువారి యంత్రాన్ని చూసి కాదు. నూనె తగ్గితే ఇంజను పోతుంది. హెచ్చితే పొగ వస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది, సైలెన్సరు పూడుకుపోతుంది. ట్రాక్టరు నుండి దించిన పాత ఆయిలు గాని, మోటారు సైకిలుకు వాడే 4టి ఆయిలు గాని దీనికి పనికిరావు. డబ్బాపై జాసో ఎఫ్.సి. లేదా ఎఫ్.డి. అన్న గుర్తు ఉన్న 2టి నూనెను అడిగి తీసుకోవడం మంచిది.

ఫోర్ స్ట్రోక్ ఇంజనులో నూనె విడిగా ఉంటుంది. 35 సి.సి. తరగతి యంత్రాలలో అది సుమారు 100 మిల్లీలీటర్లు. పెట్రోలు నేరుగా పోయవచ్చును. పొగ తక్కువ, ఇంధనపు ఖర్చూ తక్కువ. ధర మాత్రం ఎక్కువ. పనికి దిగేముందు నూనె మట్టం చూడాలి. తొలి 10 గంటల పనికి ఒకసారి, తరువాత సుమారు 50 గంటలకు ఒకసారి ఆ నూనె మార్చాలి. యంత్రం ఒకే చేతిలో ఉండి, ఆ చేయి తెలిసినదైతే టూ స్ట్రోక్ చాలును. అది తేలిక, దాని మరమ్మతు సులభం. నలుగురు చేతులు మారే ఇంట, ముఖ్యంగా జీతగాళ్ళ చేత నడిపించే తోటలలో, ధర ఎక్కువైనా ఫోర్ స్ట్రోకే క్షేమమని నా అనుభవం.

శక్తి విషయానికి వస్తే, పెరటికి 25 నుండి 35 సి.సి. ఇంజను సరిపోతుంది. 52 సి.సి. యంత్రం వల్ల గడ్డి త్వరగా తెగుతుందేమో గాని, మోసేవాని భుజమూ త్వరగా అలసిపోతుంది. నైలాన్ తీగ గడ్డిని కోసేది తన పదునుతో కాదు, తిరిగే వేగంతో. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో జార్జ్ బల్లాస్ అనే ఆయన 1971లో ఈ సూత్రాన్ని కనిపెట్టాడు. కార్లు కడిగే యంత్రంలో గిర్రున తిరిగే కుంచెలను చూసి ఆయనకు ఆలోచన తట్టింది. ఒక పాప్‌కార్న్ డబ్బాకు గాలపు తీగలు కట్టి తిప్పి, చెట్ల మొదళ్ళలోని గడ్డిని కోసి చూశాడు. చెట్టు బెరడుకు దెబ్బ తగలకుండా గడ్డి కోయాలన్నదే ఆయన ఉద్దేశం. మన తోటలలో జరుగుతున్నది మాత్రం తద్విరుద్ధం. లేత మామిడి, జామ, సపోటా మొక్కల మొదలుకు ఆనించి తీగను తిప్పుతున్నారు. బెరడు చుట్టూ ఊడిపోయిన మొక్క కొద్ది వారాలలో ఎండిపోతుంది. తెగులు వచ్చిందని మందు కొడతారు. మొక్క మొదలు చుట్టూ జానెడు మేర గడ్డిని చేతితోనే పీకాలి.

తీగ మందం కూడా కంపెనీ చెప్పినదే వాడాలి. చిన్న యంత్రానికి 2.4 మిల్లీమీటర్ల తీగ సరిపోయే చోట లావుపాటి తీగ తొడిగితే ఇంజను బరువెక్కి క్లచ్ కాలుతుంది. సర్కారు తుమ్మ మొలకల వంటి గట్టి కంపకు మూడు పళ్ళ ఇనుప బ్లేడు వేసుకోవచ్చును. అందుకు వంపు తిరిగిన గొట్టం గల తేలిక యంత్రం పనికిరాదు. తిన్నని గొట్టం, లోపల ఉక్కు కడ్డీ, చివర గేరు పెట్టె ఉన్నదే కావాలి. రాళ్ళు, పెంకులు, గాజు ముక్కలు ఉండే ఇంటి దొడ్డిలో బ్లేడు వాడరాదు. ఇంకొక మాట. తుంగ ఈ యంత్రంతో చావదు. దాని గడ్డలు నేలలో ఉంటాయి. వయ్యారిభామను పూత రాకముందే కోయాలి, ముక్కుకు గుడ్డ కట్టుకుని కోయాలి. కోసిన తరువాత మళ్ళీ చిగురిస్తే విసుగు చెందక మళ్ళీ కోయాలి.

పెట్రోలు గురించి ఒక హెచ్చరిక అవసరం. 2025 నాటికి మన దేశంలో బంకుల పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం వ్యాప్తిలోకి వచ్చింది. ఈ కోవ చిన్న ఇంజనుల పుస్తకాలు అనేకం 10 శాతం వరకే అనుమతిస్తున్నాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెట్రోలును ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంచితే నీరు అడుగుకు చేరుతుంది, రబ్బరు గొట్టాలు, కార్బురేటరులోని పలుచని పొర చెడిపోతాయి. 20 శాతం ఇథనాల్‌కు తగిన యంత్రమా కాదా అన్నది డీలరు చేత కాగితంపై వ్రాయించుకోవాలి. ఏ యంత్రమైనా సరే, వానాకాలం ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోలు కాలిపోయి ఇంజను దానంతట అది ఆగేవరకు నడిపి భద్రపరచాలి. సంక్రాంతికి తాడు లాగితే లేవని యంత్రాలలో చాలావాటి జబ్బు ఇదే.

ఇక రుణం సంగతి. బజారులో ఏడెనిమిది వేల రూపాయలకు దొరికే యంత్రాలూ ఉన్నాయి, 30 వేలు దాటినవీ ఉన్నాయి. ఉదాహరణకు 25,000 రూపాయల యంత్రానికి 5,000 మీరు పెట్టుకుని 20,000 రుణం తీసుకున్నారనుకుందాం. 11 శాతం వడ్డీ లెక్కన ఆరు అర్ధ సంవత్సరపు వాయిదాలలో తీర్చితే వడ్డీ 3,850 అవుతుంది. మీ చేతి నుండి మొత్తం 28,850 రూపాయలు పోతుంది. యంత్రం ఐదేళ్ళు పనిచేసినా ఏడాదికి 5,770 రూపాయలు పడుతుంది. పెట్రోలు, తీగ, మరమ్మతులు అదనం. మీ పెరటి గడ్డిని ఏడాదికి నాలుగు మార్లు ఇద్దరు కూలీల చేత, తలకు 500 చొప్పున ఇచ్చి కోయించినా 4,000 రూపాయలే. పది సెంట్ల పెరడు, అంటే నాలుగు గుంటల స్థలం, ఉన్నవారు అప్పు చేసి ఈ యంత్రాన్ని కొనడం నాకు సమ్మతం కాదు. అటువంటివారు ఊరిలో ఉన్న యంత్రాన్ని అద్దెకు పిలిపించుకోవాలి. అర ఎకరం, ఎకరం తోట ఉన్నవారు, లేదా ఇరుగు పొరుగు పెరళ్ళు కోసి కూలి సంపాదించదలచిన యువకులు కొంటే యంత్రం తన వాయిదాను తానే కట్టుకోగలదు.

కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణంలో నుండి సొమ్ము తీసి యంత్రం కొనే అలవాటు కొందరిలో ఉన్నది. ఇది సరికాదు. పంట రుణం పంటతో తీరవలసినది. యంత్రం ఒక్క పంటలో తన ఖరీదును రాబట్టదు. వడ్డీ రాయితీ సైతం స్వల్పకాలిక పంట రుణానికి ఉద్దేశించినది. కార్డు పరిమితిలో వ్యవసాయ ఆస్తుల మరమ్మతులకు కొంత భాగం కేటాయించి ఉంటుంది గనుక యంత్రం బాగుచేయించడానికి దానిని వాడుకోవచ్చును. కొనుగోలుకు కాలపరిమితి రుణమే అడగాలి. ప్రభుత్వ రాయితీ దొరికితే సంతోషమే, కాని రాయితీ జాబితాలో ఉన్నదన్న ఒక్క కారణంతో, సామాను దొరకని యంత్రాన్ని ఇంటికి తెచ్చుకోరాదు.

డీలరు మిత్రులు నన్ను మన్నించాలి. యంత్రం అమ్మడంతో బేరం ముగిసిందనుకునే దుకాణాలు మనలో ఇంకా ఉన్నాయి. స్టార్టరు తాడు, ప్లగ్గు, గాలి జల్లెడ, కార్బురేటరు పొరల సెట్టు, క్లచ్, తీగ చుట్ట – ఈ ఆరు వస్తువులు అలమారలో లేని దుకాణానికి ఆ యంత్రాన్ని అమ్మే అర్హత లేదని నా దృఢమైన అభిప్రాయం. రైతు అడగవలసిన మూడవ ప్రశ్న కూడా ఇదే: "దీని సామాను మీ దగ్గర ఏమేమి ఉన్నదో చూపించండి." మాటతో సరిపుచ్చితే మరొక దుకాణానికి వెళ్ళండి. నూనె కొలిచే సీసా ఇవ్వడం, తొలిసారి యంత్రాన్ని కొన్నవారి పెరటిలోనే నడిపి చూపడం, నడపబోయే మనిషి చేతనే తాడు లాగించడం డీలరుకు భారమేమీ కాదు. తీగ మీది రక్షణ రేకును పనికి అడ్డమని విప్పి ఇచ్చే దుకాణాలను నేను చూశాను. ఆ రేకు లేకపోతే ఎగిరిన గులకరాయి నడిపేవాని కంటికి తగులుతుంది. పక్కనున్నవారు కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలన్నది ఈ యంత్రాల నియమం. మన పెరటిలో కోత మొదలైతే పిల్లలు చుట్టూ చేరతారు.

బ్యాంకు శాఖల వైపు నుండి కూడా లోపం ఉన్నది. కొటేషను, రసీదు, డీలరు ఖాతా సంఖ్య అడుగుతారు. తనిఖీకి వచ్చిన అధికారి యంత్రం ఇంట్లో ఉన్నదా అని చూస్తాడు గాని, తాడు లాగి చూడడు. వాసానికి వేలాడుతున్న యంత్రమూ ఆ పుస్తకంలో ఉన్నట్లే నమోదవుతుంది. కొటేషనులోనే కంటి అద్దాలు, చెవులకు రక్షణ, కాళ్ళకు గట్టి బూట్లు, ఒక ఏడాదికి సరిపడే విడిభాగాల పొట్లం కలిపి వ్రాయించి, మొత్తానికి రుణం ఇస్తే, రుణం కొద్దిగా పెరుగుతుంది, వసూలు సులభమవుతుంది. శాఖలో ఎవరూ అడగకపోయినా రైతులే ఈ వరుసలను డీలరు చేత కొటేషనులో వ్రాయించుకుని వెళ్ళవచ్చును.

మా పాత యంత్రం స్థానంలో తరువాత 35 సి.సి. ఫోర్ స్ట్రోక్ తెచ్చాము. ధర దాదాపు రెట్టింపు పడింది. నడిపేది ఆ అబ్బాయే. ఒక వానాకాలంలో స్టార్టరు తాడు తెగితే ఉదయం దుకాణానికి పోయి మధ్యాహ్నానికి కొత్తది వేయించుకుని వచ్చాడు. సాయంత్రానికి బావి గట్టు శుభ్రమైంది.