సంధి కుదరని బండి



తెలుగు పండితుడికి కారు క్లచ్‌తో ఏం పని అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. పని ఉన్నది. ఉద్యోగమున్నన్నాళ్ళూ సంధులు విడదీసి, కలిపి చూపించినవాణ్ణి నేను. ఒక పక్క గిరగిర తిరుగుతున్న ఇంజను, మరొక పక్క కదలక నిలిచిన చక్రాలు. ఆ రెంటినీ ఏదీ విరగకుండా కలపడమే క్లచ్ చేసే పని. దానికి తెలుగు పేరు పెట్టమంటే నేను నిస్సంకోచంగా 'సంధి' అనే పెడతాను.

మా మోకిలలో 2023లో హెచ్.ఎం.డి.ఏ. స్థలాలు వేలం వేసింది. శంకరపల్లి దారి పొడవునా విల్లాలు లేచాయి. వాటి వెంటే నేలకు జానెడు ఎత్తయినా లేని స్పోర్ట్సు కార్లూ వచ్చాయి. వాటిలో చాలావాటికి క్లచ్ పెడలే ఉండదు. క్లచ్ ఉన్న కారు కావాలని కోరి కొనుక్కున్న కుర్రవాడు మా వీధిలో ఒకడున్నాడు. అతని కారు బయలుదేరేటప్పుడు కప్పలా గెంతుతుంది. "రేసు కార్ల క్లచ్ వేయిస్తున్నా సార్, ఇంక గట్టిగా పట్టుకుంటది" అన్నాడు మొన్న. ఇదే మాట మరికొందరి నోటా విన్నాను. వీధుల్లో తిరిగే కారుకు ఆ క్లచ్ మేలు చేయదనీ, కీడే చేస్తుందనీ నా దృఢమైన అభిప్రాయం. ఎందుకో విన్నవిస్తాను.

ఇంజను వెనుక ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతూ ఉంటుంది. గేరుబాక్సు వైపు ఉండే క్లచ్ ప్లేటును ప్రెషర్ ప్లేటు తన స్ప్రింగు బలంతో ఆ ఫ్లైవీల్‌కు అదిమి పడుతుంది. మనం పెడల్ తొక్కితే గొట్టంలోని ద్రవం ఆ ఒత్తిడిని రిలీజ్ బేరింగు దాకా చేరవేసి పట్టు విడిపిస్తుంది. కాలు తీస్తున్నప్పుడు ప్లేటు వెంటనే అతుక్కోదు, కొద్దిసేపు జారుతుంది. ఆ జారుడులోనే ఇంజను వేగం కొంత తగ్గి, చక్రాల వైపు వేగం కొంత పెరిగి, చివరకు రెండూ ఒకటవుతాయి, రెండు స్వరాలు కలిసి ఒకే స్వరమైనట్లు! డ్రైవింగు స్కూళ్ళలో 'హాఫ్ క్లచ్' అంటారే, అది ఈ సంధికాలమే.

కాబట్టి జారడం క్లచ్‌కు దోషం కాదు, ధర్మం. ఎక్కువసేపు జారితే వేడెక్కి ప్లేటు కాలుతుంది, నిజమే. అసలు జారనివ్వకపోతే ఆ దెబ్బ గేర్లకూ యాక్సిళ్ళకూ తగులుతుంది. క్లచ్‌ను మెరుగుపరచడమంటే, ఆ జారుడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పాదానికి ప్రతిసారీ ఒకేలా తెలిసేటట్లు చేయడం.

రేసు క్లచ్ దీనికి ఎదురు నడుస్తుంది. మామూలు కార్లలో ఉండే ఆర్గానిక్ ప్లేటు మెల్లగా పట్టుకుంటుంది. రేసు ప్లేట్లలో సిరామిక్కూ లోహమూ కలిపిన బిళ్ళలుంటాయి. అవి ఎక్కువ వేడిని తట్టుకుంటాయి గానీ, దీపం స్విచ్చి వేసినట్లు ఒక్కసారిగా పట్టేస్తాయి. దానికి తోడు తేలిక ఫ్లైవీల్ కూడా వేయిస్తే ఇంజను చప్పున లేచి చప్పున పడిపోతుంది. బయలుదేరేచోట ఆగిపోవడం ఎక్కువవుతుంది. పందెంలో కారు ఒక్కసారి బయలుదేరితే చాలు. మోకిల నుంచి కోకాపేట చేరేలోపు ఎన్నిసార్లు ఆగి బయలుదేరాలో మీరే లెక్కపెట్టండి! ముందు బడిపిల్లల ఆటో ఉంటుంది, పక్కనుంచి మేకల మంద దాటుతుంది. అక్కడ కారు అంగుళం అంగుళంగా కదలగలగాలి. గెంతే కారు అక్కడ ఎవరి ప్రాణం మీదికైనా తెస్తుంది. 120 కి.మీ. వేగాన్ని అనుమతించిన ఔటర్ రింగు రోడ్డు మీద, పై గేరులో పడ్డాక క్లచ్‌తో పనే తక్కువ. దాని పరీక్షంతా ఈ రద్దీ దారిలోనే.

మరి చేయవలసినదేమిటి? నాకు తోచిన వరుస ఇది.

మొదటిది ద్రవం. బ్రేకుల్లో వాడే జాతి ద్రవమే చాలా కార్లలో క్లచ్‌కూ వాడతారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గొట్టంలో గాలి చేరితే పెడల్ మెత్తబడి, పట్టు తగిలే చోటు రోజుకొక తీరుగా మారుతుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకు ద్రవం మార్పించి గాలి తీయించడానికయ్యే ఖర్చు, కొత్త క్లచ్ ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

రెండవది పెడల్ ఆట. సర్దుబాటుకు వీలున్న కార్లలో దీన్ని సరిచూడాలి. ఆట బొత్తిగా లేకపోతే రిలీజ్ బేరింగు ఎప్పుడూ ఒత్తుకుంటూ, ప్లేటు జారుతుంది. మరీ ఎక్కువైతే పట్టు పూర్తిగా విడక గేరు గరగరలాడుతుంది.

మూడవది ఇంజనునూ గేరుబాక్సునూ పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు. అవి పాడైతే బయలుదేరేటప్పుడు కారు వణుకుతుంది, నింద క్లచ్ మీద పడుతుంది. ప్లేటు మీదికి నూనె కారినా వణుకు తప్పదు.

నాలుగవది, కొన్ని కార్ల క్లచ్ గొట్టంలో ఉండే చిన్న వాల్వు. అది ద్రవం తిరిగివచ్చే దారిని ఇరుకు చేసి, కాలు చటుక్కున తీసినా ప్లేటు నెమ్మదిగా పట్టేలా చూస్తుంది. కొత్తవారికి అది రక్ష. నేర్పరికి మాత్రం అడ్డు. పాదం చెప్పిన మాట ప్లేటుకు ఆలస్యంగా వినబడుతుంది. దాన్ని తీయించేవారున్నారు. వారంటీ సంగతి తెలుసుకుని, కాలిమీద అదుపు వచ్చాకే ఆ పనికి పూనుకోవాలి.

అయిదవది, అన్నింటిలోనూ ముఖ్యమైనది, పాదం. మడమ నేలకానించి, పట్టు తగిలేచోట అరక్షణం ఆగి, ఆ తర్వాత వదలాలి. గేరు తగ్గించేటప్పుడు ఇంజను వేగాన్ని కొంచెం పెంచి కలిపితే కుదుపుండదు. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో నిలపకుండా హ్యాండు బ్రేకు వేయాలి. నడుస్తున్నంతసేపూ పెడల్ మీద పాదం ఆనించి ఉంచరాదు. బలపం నొక్కి నొక్కి విరగ్గొట్టే పిల్లవాడికి నేను గట్టి బలపం వెదికి ఇవ్వలేదు, చేతిపట్టు సరిచేశాను.

ఒక్క సందర్భంలో గట్టి క్లచ్ కోరడం న్యాయమే. పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే, పట్టు చాలడం లేదన్నమాట. ముందు ప్లేటు అరిగిందేమో చూడాలి. అరగలేదు, ఇంజను శక్తిని పెంచడం వల్లనే ఇలా జరిగింది అంటే ప్రెషర్ ప్లేటు బలం పెంచుకోవచ్చు. అప్పుడు కూడా చాలా కార్లకు ఆర్గానిక్ ప్లేటునే ఉంచుకోవడానికి వీలుంటుంది. కాలికి కొంత శ్రమ పెరుగుతుంది, అంతే.

ఇంత తాపత్రయమెందుకు, క్లచ్ లేని కారే కొనుక్కోవచ్చు కదా అంటారేమో. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెంలో పరుగెత్తిన విద్యుత్ కార్లకు క్లచ్ పెడలే లేదు. వేగమొక్కటే కావాలనుకుంటే వాదన అక్కడితో ముగిసింది. కానీ 2013లో 911 జీటీ3 కారును మాన్యువల్ గేరు లేకుండా తెచ్చిన పోర్షే సంస్థ, 2017లో మళ్ళీ మాన్యువల్‌ను తీసుకువచ్చింది. వంద కిలోమీటర్ల వేగం అందుకోవడంలో ఆటోమేటిక్ కంటే అది వెనుకే. అయినా కోరి కొన్నారు. రెండు వేగాలను తమ పాదంతో తామే కలిపే ఆనందం వారికి కావాలి. ఆ ఆనందం కోసమే మాన్యువల్ కారు కొని, ఆ కలయిక జరిగే కాస్త చోటునూ రేసు ప్లేటుతో చెరిపేసుకుంటే ఇక మిగిలేదేమిటి?

కొత్త ప్లేటుకు బయానా ఇవ్వబోయేముందు, ఒక ఆదివారం తెల్లవారుజామున మనుషులు లేని చదునైన చోట, యాక్సిలరేటర్ తాకకుండా కేవలం క్లచ్ వదులుతూ కారును కదిలించి చూడండి. కాస్త విరామమిస్తూ పది ఇరవైసార్లు చేస్తే, రోగం కారుదో కాలిదో చాలావరకు తేలిపోతుంది. మీలో వాహనజ్ఞులున్నారు. ఈ వరుసలో నేను చేర్చవలసినవి ఉంటే తెలియజేయ ప్రార్థన.

సెలవు.