ఏ పాటకు ఏ అడుగు?

నాగారం నుంచి ఒక చెల్లాయి ఉత్తరం రాసింది. ఈసీఐఎల్ దాటి కీసర వైపు వెళ్ళే దారిలో వస్తుందే, ఆ నాగారం! పేరు వేయొద్దంది కాబట్టి వేయడం లేదు. ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీల నిండా పోట్లాటే!

సంగతేమిటంటే, కిందటి సద్దుల బతుకమ్మకు వాళ్ళ కాలనీ ఆడవాళ్ళంతా కలిసి కోలాటం వేద్దామనుకున్నారట. సినిమా పాటలు కావాలని పిల్లలు, ఉయ్యాల పాటలు చాలని పెద్దలు. చివరికి పిల్లలే గెలిచారు. డీజే బాక్సులు దిగాయి. తీరా ఏమైంది? మొదటి పాటకు కోలలు ఒకదానికొకటి తగలక గాలిని కొట్టాయి. రెండో పాటకు జతలు చెదిరిపోయాయి. మూడో పాటకు అసలు వలయమే లేదు, ఎవరి గెంతులు వారివి! ఏటా ముందుగా పాట ఎత్తుకునే నాయనమ్మ మాత్రం ఓ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుండిపోయింది. తప్పు పాటదా, మా కాళ్ళదా? ఈసారి నాయనమ్మను మళ్ళీ ఆటలోకి తేవడం ఎలా? ఇదీ చెల్లాయి ప్రశ్న.

చెల్లాయ్! పాట మంచిదే, కాళ్ళూ మంచివే. జాతకాలు చూడకుండా పెళ్ళి చేసేశారు, అంతే!

బతుకమ్మ పాటనే చూడు. దానికి వాద్యాలు అక్కర్లేదు, చప్పట్లే తాళం. ఒకరు అందుకుంటే మిగతావారు పలుకుతారు. అడుగు వేసి, వంగి, చప్పట్లు కొట్టి లేచేసరికి ఊపిరి తీసుకునే తీరిక దొరుకుతుంది. ఎవరైనా వెనకబడితే పాటే కాస్త ఆగుతుంది. బాక్సులో మోగే పాట అలా ఆగదు. అది మన కోసం ఆగనప్పుడు, దానికి తగిన అడుగును మనమే ఏరుకోవాలి.

ఈ తంటా మన ఒక్కరిదే అనుకోకు. అమెరికాలో కాంట్రా డాన్సు అని ఒకటుంది. రెండు పొడుగాటి వరసలుగా ఎదురెదురుగా నిలబడతారు. ముందు ఏం చేయాలో ఒకరు కేకేసి చెబుతుంటారు, మన కోలాటంలో తాళాలు పట్టుకుని గురువు చెప్పినట్టే. ఒక్కో చుట్టు పూర్తయ్యేసరికి ప్రతి జంటా కొత్త జంటకు ఎదురుపడుతుంది. ఆ చుట్టుకు సరిగ్గా 64 అడుగులు.

ఆ ఆటను రాగ్‌టైమ్ సంగీతానికి ఆడాలంటే ఏం చేయాలి? పేరులో రాగం ఉందని మురిసిపోవద్దు, మన రాగానికీ దానికీ చుట్టరికం లేదు. స్కాట్ జోప్లిన్ అనే నల్లజాతి సంగీతకర్త 1899లో ‘మేపుల్ లీఫ్ రాగ్’, 1902లో ‘ది ఎంటర్‌టైనర్’ అచ్చు వేయించి దేశమంతా మోగించాడు. పియానో మీద ఎడమచెయ్యి గడియారంలా నడుస్తుంటే, కుడిచెయ్యి తాళానికి అటూ ఇటూ దూకుతూ అల్లరి చేస్తుంది. 1973లో వచ్చిన ‘ది స్టింగ్’ చిత్రంలో ఆ బాణీలే వాడి, మార్విన్ హామ్లిష్ ఆస్కార్ కొట్టేశాడు. కథ జరిగేది 1936లో, సంగీతమేమో అంతకు ముప్పై ఏళ్ళకు పైగా పాతది! అయినా జనం విరగబడి విన్నారు.

ఇక లెక్క చూడు. రాగ్‌లో ఒక్కో భాగానికి 16 ఆవర్తాలు, ఆవర్తానికి రెండడుగులు. అంటే 32. ఆ భాగాన్ని రెండుసార్లు వాయిస్తే 64, ఆట చుట్టుతో సరి! లెక్క కుదిరినా అల్లరి మిగిలే ఉంది. కుడిచేతిని నమ్ముకుని ఠక్కున కాలు తట్టబోతే తప్పుతుంది. అందుకని దానికి నడకలూ, చేతులు పట్టుకుని తిరగడాలూ ఎక్కువున్న ఆట ఏరుకుని, కాళ్ళను ఎడమచేతికి అప్పగిస్తే హాయి. పైగా రాగ్‌టైమ్‌ను వేగంగా వాయించొద్దని జోప్లినే హెచ్చరించాడు. సూత్రం ఒక్కటే. పాట అల్లరిదైతే అడుగు బుద్ధిగా ఉండాలి!

ఇప్పుడు మన ‘నాటు నాటు’కు రా. 2022లో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’లో కీరవాణి బాణీకి చంద్రబోస్ మాట రాశారు, 2023లో ఇద్దరూ ఆస్కార్ అందుకున్నారు. ప్రేమ్ రక్షిత్ కట్టిన ఆ అడుగులు ఎన్టీఆర్, రామ్‌చరణ్ రోజుల తరబడి రిహార్సల్ చేసి వేసినవి. ఒక్క పూటలో కాలనీకి ఎలా వస్తాయి? అసలు చిక్కు వేరే ఉంది. ఆ పాట నడక తకిట, తకిట. మీ కోలాటం కోపు తకధిమి. మూడు మాత్రల పాట మీద నాలుగు దెబ్బల కోపు పెడితే మొదటి దెబ్బ కుదురుతుంది, రెండో చుట్టుకు ఒక మాత్ర జారుతుంది, మూడో చుట్టుకు నీ కోల పక్కింటి పిన్ని వేళ్ళ మీద పడుతుంది!

కాబట్టి పండక్కి ముందు ఈ పరీక్షలు పెట్టు.

ఒకటి. వీడియో చూడకుండా పాట విను. చప్పట్లు కొడుతూ తకిట అని చూడు, తకధిమి అని చూడు. ఏది అతుక్కుంటే అదే దాని జాతి. తకిట పాట అయితే ప్రతి ‘త’ దగ్గర మాత్రమే కోల కొట్టండి. అప్పుడు ఏ కోపైనా జారదు.

రెండు. పల్లవి ఎన్ని చప్పట్లకు తిరిగి మొదలవుతుందో లెక్కపెట్టు. పదహారైతే ఎనిమిది, పదహారు దెబ్బల కోపులే తీసుకో. జతలు మారడం పల్లవి ఎత్తుగడలోనే పెట్టు, అందరి చెవికీ తెలిసే చోటు అదే.

మూడు. మధ్యలో వేగం మారే పాటనూ, తాళం ఆగిపోయి మాటలొచ్చే పాటనూ నిర్దాక్షిణ్యంగా తీసెయ్. ఎంత పెద్ద హీరోదైనా సరే!

నాలుగు. ఆ పాటకు రెండు నిమిషాలు అడుగులేస్తూ పక్కనామెతో కబుర్లాడి చూడు. ఆయాసం వస్తే అడుగు సగం చెయ్యి. చప్పట్లు అన్నీ ఉంటాయి, కాలు మాత్రం ఒకటి విడిచి ఒకటికి కదులుతుంది.

నీ రెండో ప్రశ్నకు జవాబు ఈ నాలుగో దాంట్లోనే ఉంది. రెండు వలయాలు కట్టండి. బయటి వలయం పెద్దది, చుట్టు తిరగడానికి ఎక్కువ అడుగులు కావాలి. అక్కడ పిల్లలు. లోపలి వలయం చిన్నది, సగం అడుగులు చాలు. అక్కడ బతుకమ్మల పక్కనే నాయనమ్మలూ, అత్తలూ. పాట ఒకటే, తాళం ఒకటే. పల్లవి తిరిగొచ్చేసరికి లోపలివాళ్ళూ బయటివాళ్ళూ మళ్ళీ ఎదురెదురు!

సినిమా పాటలు మానమని నేననను. 2021లో ఏ.ఆర్.రహమానే బతుకమ్మ పాటకు బాణీ కట్టాడు, ఇక మనకు మడి ఏమిటి? అయితే మొదటి పాటకు మాత్రం బాక్సులు కట్టేయించు. నాయనమ్మను ఎత్తుకోమను. ఆమె గొంతు వెంట పది చుట్లు తిరిగాక మీ పిల్లల కాళ్ళకు లెక్క దానంతటదే వస్తుంది. ఇన్నేళ్ళూ కేక వేయకుండానే ఆట నడిపిన గురువు ఆవిడే కదా!

పండగ అయ్యాక మళ్ళీ రాయి చెల్లాయ్. ఈసారి పోట్లాట ఉండదు కాబట్టి ఒక్క పేజీ చాలు.